బావగారి బంతి లోపలే

మా విజయవాడకి కొత్తగా ఏదొచ్చినా ముందు ఖాళీ స్థలం వెతుక్కుంటుంది. ఒకప్పుడు ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి, తర్వాత కోచింగ్ కాలేజీల హాస్టళ్ళు వచ్చాయి, ఆ తర్వాత బిర్యానీ హోటళ్ళు వచ్చాయి. ఈమధ్య పికిల్‌బాల్ వచ్చింది. కానూరు, పోరంకి వైపు నిన్నటిదాకా గేదెలు పడుకున్న స్థలాల్లో ఇవాళ నీలం రంగు నేల, తెల్ల గీతలు, నడుమ పొట్టి వల, చుట్టూ ఇనప జాలీ. తెల్లారకుండానే టక్కు టక్కుమని చప్పుడు మొదలు. కాలవగట్టు మీద చేతులూపుకుంటూ నడిచేవాళ్ళు, షటిల్ ఆడి మోకాళ్ళు అరగదీసుకున్నవాళ్ళు, టెన్నిస్ నేర్చుకుందామని కాలేజీ రోజుల్లో అనుకుని సంసారంలో పడి మర్చిపోయినవాళ్ళు, అందరూ అక్కడ తేలారు. పేరులో ఉన్న పచ్చడి మీద జోకులు ఊళ్ళోవాళ్ళు అందరూ వేసేశారు గనక నేను వెయ్యను.

నాది వన్‌టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్టు. మా తాత మగ్గం మీద నేశాడు. మా నాన్న నేసినవాళ్ళ దగ్గర కొని ఊళ్ళు తిరిగి అమ్మాడు. నేను పరుపు మీద కూర్చుని అమ్ముతున్నాను. మూడు తరాల్లో మా ఇంట్లో శ్రమ తగ్గుతూ వచ్చింది, పొట్ట పెరుగుతూ వచ్చింది. షుగరు పలకరించాక డాక్టరు రోజూ చెమట పట్టాలన్నాడు. ఏసీ కొట్టులో చెమట ఎక్కణ్ణుంచి పడుతుంది, ఆడిటర్ ఫోన్ చేస్తే తప్ప? అందుకని పక్క కొట్టులో లైనింగ్ గుడ్డలూ ఫాల్సూ అమ్మే భాయ్ నన్ను లాక్కెళ్ళి ఈ ఆటలో పడేశాడు. పడ్డాక తెలిసింది, ఇది నాలాంటివాళ్ళ కోసమే పుట్టిన ఆట అని. పెద్దగా పరిగెత్తక్కర్లేదు. బంతి ప్లాస్టిక్‌ది, ఒళ్ళంతా చిల్లులు, గట్టిగా కొట్టినా నింపాదిగా వస్తుంది. ఆడేదానికంటే నీళ్ళు తాగుతూ మాట్లాడుకునేదే ఎక్కువ. వలకి దగ్గరగా కొంత మేర గీత గీసి దానికి కిచెన్ అని పేరు పెట్టారు. అందులో నిలబడి గాల్లో ఉన్న బంతిని కొట్టకూడదట. కిచెన్‌లోకి వెళ్ళకూడదన్న నియమం మా తరం మగవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇలా నా చెమట నేను పట్టించుకుంటూ ఉండగా ఒక మధ్యాహ్నం మా అమ్మాయి కొట్టుకి వచ్చింది. చీరలు చూడ్డానికి కాదని మొహం చూడగానే అర్థమైంది.

"నాన్నా, మావయ్యగారు కుర్చీలోంచి లేవడం లేదు" అంది.

అమ్మాయి పటమటలో ఉంటుంది, భర్తతోనూ మామగారితోనూ. వాళ్ళ అత్తగారు పోయిన వానాకాలంలో కాలం చేసింది. మా వియ్యంకుడు, అంటే ఆ మామగారు, ఉయ్యూరు దగ్గర చెరుకు రైతు. ఆరోగ్యం బాగాలేని భార్య కోసమని పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఆవిడేమో వచ్చిన ఏడాదికి వెళ్ళిపోయింది. పొడుగాటి మనిషి, లావుపాటి మణికట్లు, చేనుకి ఆ గట్టున ఉన్నవాడికి ఈ గట్టు నుంచి వినిపించే గొంతు. అలాంటి మనిషి బాల్కనీలో కుర్చీ వేసుకుని రోజంతా ఎదురింటి వాటర్ ట్యాంకు చూస్తూ కూర్చుంటున్నాడట. పెడితే తింటున్నాడట, అడగడట.

"ఆయన్ని నీతోపాటు ఆ ఆటకి తీసుకెళ్ళు నాన్నా. మావారు అడిగితే రానన్నారు. నువ్వు పిలిస్తే కాదనలేరు."

నిజమే. కొడుకు మాట కాదనొచ్చు, డాక్టరు మాట కాదనొచ్చు, వియ్యాలవారి పిలుపు కాదనడానికి మా వైపు ఎవరికీ నోరు రాదు. మర్యాదకి ఇన్నాళ్ళకి ఒక ఉపయోగం దొరికింది కదా అనుకున్నాను. ఆ మర్యాదే ఇంత పని చేస్తుందని అప్పుడు తెలీదు.

మర్నాడు పొద్దున్నే బావగారు వచ్చారు. వియ్యంకులం ఒకళ్ళనొకళ్ళం బావగారూ అనే పిలుచుకుంటాం, మీరూ అండీలు తప్పవు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా టక్ చేసుకుని, కాళ్ళకి తోలు చెప్పులతో దిగారు, ఎవరిదో గృహప్రవేశానికి వచ్చినట్టు. ఆ చెప్పులతో కోర్టులోకి రానివ్వరంటే కారులో ఉన్న నా పాత బూట్లు ఇచ్చాను. ఆయన పక్కన రైల్వేలో టీసీగా చేసి రిటైరైనాయన్ని నిలబెట్టి, నేనూ భాయ్ అవతలికి వెళ్ళాం.

ఈ ఆటలో, మామూలుగా మేం ఆడుకునేటప్పుడు, అంపైరంటూ ఎవరూ ఉండరు. బంతి ఎవరి వైపు పడితే వాళ్ళే లోపలో బయటో చెప్పాలి. అనుమానం వస్తే ఎదుటివాళ్ళకే వదిలెయ్యాలి. ఈ రూలు పెట్టినవాళ్ళెవరో గానీ ఆడపిల్ల తండ్రిని చూసి ఉండరు. పిల్లనిచ్చినవాడికి అవతలివాళ్ళ బంతి మీద అనుమానం ఎప్పుడూ ఉంటుంది.

బావగారు చెరుకు నరికినట్టు ఒక్కటి కొట్టారు. బంతి గీత దాటి జానెడు బయట పడింది. అది చూడ్డానికి కళ్ళజోడు కూడా అక్కర్లేదు.

"లోపలేనండీ! అబ్బ, ఏం కొట్టారండీ బావగారూ!" అన్నాను.

భాయ్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అన్నా, జానెడు బయటుంది" అన్నాడు.

"నాకు అనుమానంగా ఉంది భాయ్."

"ఏం అనుమానం? నేను చూశాగా."

"ఆయన మా అమ్మాయి మామగారు."

భాయ్‌కి ముగ్గురు కూతుళ్ళు. ఆ తర్వాత వచ్చిన బంతికి నాకంటే ముందు తనే "లోపలే సార్, సూపర్ సార్" అన్నాడు. టీసీగారు బావగారి పక్కనే ఆడుతున్నా గీత దగ్గర ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నారు. సర్వీసులో ఉండగా సొంత తోడల్లుడికే ఫైను రాసిన మనిషని పేరు. ఆయన కూడా ఆ బంతుల్ని టికెట్ లేకుండా వదిలేశారు. సంగతంతా విన్నాక, భార్య పోయిన మనిషి కదండీ పాపం అన్నారు.

ఆ మొదటిరోజు ఆట అయ్యాక బావగారు బెంచీ మీద కూర్చుని రొప్పుతూ నవ్వారు. ఆవిడ పోయాక ఆ నవ్వు నేను చూడలేదు. సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసి, మావయ్యగారు ఇంకో ఇడ్లీ అడిగి వేయించుకున్నారని చెప్పింది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. జానెడు దూరాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే ఒక మనిషి ఇడ్లీ అడుగుతున్నాడంటే ఇక మూరెడైనా వదిలెయ్యనా?

అలాగే వదిలాను. వారాలు గడిచాయి. బావగారు గెలుస్తూ పోయారు, మేం ఓడుతూ పోయాం. తెల్లచొక్కా పోయి బొమ్మల టీషర్టు వచ్చింది. ఖరీదైన బ్యాటొచ్చింది. బ్యాటంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "బ్యాట్ కాదండీ బావగారూ, ప్యాడిల్ అనాలి" అని దిద్దేవారు. నా పట్టు తప్పని, భాయ్ నిలబడే తీరు తప్పని, టీసీగారు బంతి కంటే ముందే కొడతారని పాఠాలు మొదలెట్టారు. ముగ్గురం చేతులు కట్టుకుని వినేవాళ్ళం. చీరల వ్యాపారంలో తలకాయ ఊపడం నాకు కొత్త కాదు. నల్లగా ఉన్నవాళ్ళకి ముదురాకుపచ్చ, పొట్టిగా ఉన్నవాళ్ళకి పెద్దంచు, అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయనే అంటాం. కాదంటే బేరం పోతుంది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. నేను తల్చుకుంటే ఈయన్ని చిత్తుగా ఓడించగలను, అయినా ఓడించడం లేదు, ఎంత పెద్ద మనసు నాది అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఆయన మొహం వెలిగిపోతూ వచ్చారు. "బావగారూ, పెద్దవాళ్ళకి టోర్నమెంటు పెడుతున్నారంట. మనిద్దరి పేర్లూ ఇచ్చేశాను. మీరు నా పక్కన నిలబడితే చాలు, మిగతాది నే చూసుకుంటా" అన్నారు.

నడుము నొప్పన్నాను. పెళ్ళిళ్ళ సీజనన్నాను. మా ఆవిడకి బాగోలేదన్నాను, ఆవిడ అప్పుడే ఫ్లాస్కుతో టీ పట్టుకుని వచ్చింది. భాయ్, టీసీగారు వేరే వైపు చూస్తూ నిలబడ్డారు. ఇన్ని వారాలు పొగిడినవాడు ఇప్పుడు నిజం ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

టోర్నమెంటులో గుంటూరు నుంచి వచ్చిన ఇద్దరితో పడింది. ఒకాయన డ్రిల్లు మాస్టారుగా చేశారట. వాళ్ళకి మాతో చుట్టరికం లేదు, వ్యాపారం లేదు, మొహమాటం అసలే లేదు. బావగారు తన అలవాటు చొప్పున ఒక్కటి నరికారు. బంతి గీత దాటి పడింది.

"ఔట్" అన్నారు డ్రిల్లు మాస్టారు, కూరగాయల బండివాడు రేటు చెప్పినంత మామూలుగా.

బావగారు సర్వీసు చెయ్యడానికి ఆ బంతి తనకే వస్తుందని చెయ్యి చాచి నిలబడి ఉన్నారు. రాలేదు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఆయన నా వైపు తిరిగారు.

"బావగారూ, ఇదే బంతి మన కోర్టులో లోపల పడేది కదండీ?" అన్నారు.

వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నేను వంగి బూటు లేసు సవరించుకున్నాను. తలెత్తేసరికి ఆయన నన్నే చూస్తున్నారు. నా మొహంలో ఏం కనిపించిందో, ఇక ఆ తర్వాత ఒక్క బంతి కూడా గట్టిగా కొట్టలేదు. ఒక్క పాయింటైనా రాకుండా ఓడిపోయాం. బందరు రోడ్డు మీదుగా కారులో తిరిగొచ్చాం. పటమటలో దిగి, "వస్తానండీ" అని మాత్రం అన్నారు. మామూలుగా అయితే రెండు ఇడ్లీలు తిని వెళ్ళమని పట్టుబట్టే మనిషి.

ఆ మర్నాటి నుంచి ఆటకి రాలేదు. నాలుగు రోజులు చూసి అమ్మాయే ఫోన్ చేసింది. "ఏం జరిగింది నాన్నా? మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నారు. ఈసారి పెట్టినా తినడం లేదు" అంది. జరిగిందంతా చెప్పాను.

"నేను తీసుకెళ్ళమన్నాను గానీ గెలిపించమన్నానా?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి కోసం ఓడానని? ఎవరి అత్తారింట్లో తేడా రాకూడదని రోజూ కళ్ళుండీ గుడ్డివాడినయ్యానని? ఫోన్ పెట్టేసి, ఒక్క చీరా నచ్చక దుకాణమంతా తీయించిన మచిలీపట్నం బేరగాడి మీద కోపం చూపించాను. తర్వాత కారు తీసుకుని పటమట వెళ్ళాను.

బావగారు బాల్కనీలో ఉన్నారు. లేచి "రండి రండి" అన్నారు, నాకో కుర్చీ జరిపారు, అమ్మాయికి కాఫీ పెట్టమని చెప్పారు. మర్యాదలో ఏ లోటూ లేదు. కాసేపు ఎండ గురించి మాట్లాడుకున్నాం. కాలవలకి నీళ్ళెప్పుడు వదుల్తారో మాట్లాడుకున్నాం. ఆఖరికి నేనే, "మర్యాద కోసం చేశానండీ బావగారూ, మీరు వేరేగా అనుకోకండి" అన్నాను.

"తెలుసండీ" అన్నారు. "మా ఆవిడ పోయిన కాణ్ణుంచి అందరూ నాకు మర్యాదే చేస్తన్నారు."

వాటర్ ట్యాంకు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చారు. "నేనేదన్నా మావాడు సరే నాన్నా అంటాడు. మీ అమ్మాయి సరే మావయ్యగారూ అంటది. ఊరెళ్తే కౌలుదారుడూ అంతే, సరే బాబుగారూ అంటాడు. ఇన్నేళ్ళూ పొద్దున్న లేస్తే నాకు అడ్డం చెప్పే మనిషి ఒకటుండేదండీ. నేను నాట్లేద్దామంటే ఆగమనేది, ఆగుదామంటే ఇంకెప్పుడేస్తారనేది. మీ అమ్మాయి పెళ్ళిలో అందరి ముందరా నాతో, మీకు తెలీదు ఊరుకోండి, అందా లేదా? అందరూ నొచ్చుకున్నారు, నాకదే బాగుండేది. ఇప్పుడు గోడల మధ్యన ఉన్నట్టుందండీ. నేనన్నదే తిరిగి నాకు వినపడుద్ది. ఆ కోర్టులో మాత్రం అవతల మనుషులున్నారు, నన్ను ఓడించాలని చూస్తన్నారు అనుకున్నాను. అందుకే ప్రాణం లేచొచ్చేది. తీరా చూస్తే మీరూ గోడేనండీ బావగారూ."

మా భాషలో దీనికి మర్యాదైన సమాధానం లేదు. బాధ వేసింది, దాని వెనకే కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్ళు ఓడిపోయింది చాలక గోడననిపించుకోవాలా?

"అయితే రేపు రండి" అన్నాను.

"వస్తే?"

"ఓడిస్తానండీ మిమ్మల్ని. చిత్తుగా ఓడిస్తాను."

అమ్మాయి కాఫీ ట్రేతో గుమ్మంలోనే ఆగిపోయింది. పిల్లనిచ్చినవాడు వియ్యంకుడి ఇంటికొచ్చి, ఆయన జరిపిన కుర్చీలోనే కూర్చుని ఆ మాట అనడం మా వంశంలో జరిగి ఉండదు. బావగారు నన్ను ఎగాదిగా చూశారు.

"ఎన్నింటికి?" అన్నారు.

మర్నాడు ఇద్దరమే ఆడాం. భాయ్, టీసీగారు బెంచీ మీద కూర్చున్నారు, పంచాయితీకి వచ్చిన పెద్దమనుషుల్లా. ఆయన మొదటి బంతి కొట్టగానే బయట పడింది. నోరు తెరిచాను. ఔట్ అన్నది చిన్న మాటే. కట్నాలూ కానుకలూ లేని పెళ్ళి చేశాను, పెట్టుపోతల్లో ఎవరిచేతా మాట పడలేదు, అయినా ఆ మాట రావడానికి అంత కష్టమైంది.

"ఔటండీ" అన్నాను చివరికి.

"ఏంటీ?"

"ఔటండీ బావగారూ. బయట పడింది."

ఆయన వల దాటి వచ్చి వంగి చూశారు. "మచ్చ ఎక్కడుందండీ? మీ కళ్ళకి కాటరాక్టేమన్నా వచ్చిందా?" అన్నారు. "మీ చేతికి ఒణుకొచ్చిందేమో చూసుకోండి" అన్నాను. అంతే, మొదలైంది. చెరుకు తోటలో వినిపించే గొంతు బయటికొచ్చింది. నా గొంతూ తక్కువేం కాదు, పావలా తేడా దగ్గర వన్‌టౌనంతా వినపడేలా బేరమాడినవాణ్ణి. అండీలు ఎక్కడికక్కడ రాలిపోయాయి. టీసీగారు లేచి సర్దబోతే, "మీరు కూర్చోండి సార్" అని ఇద్దరం ఒకేసారి కసిరాం.

అప్పుడు తెలిసిన ఇంకో సంగతి ఏమిటంటే ఆయన నిజంగానే బాగా ఆడుతున్నారు. నేను పంతానికి ఆడుతున్నా, ఒక్కటీ వదలకపోయినా, ఆయన నాకు ఊపిరి ఆడనివ్వలేదు. ఇన్నాళ్ళూ నేను దానం చేస్తున్నాననుకున్న పాయింట్లలో సగం నావి కానే కావు. పెద్ద మనసని మురిసిపోయినవాణ్ణి, నా మోకాళ్ళ సంగతి చూసుకోలేదు. భాయ్‌కి అది అర్థమై తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

ఇద్దరి స్కోరూ పక్కపక్కనే నడిచి చివరికి నేను గెలవడానికి ఒక్కటే మిగిలింది. నా సర్వీసు. నాలుగైదుసార్లు బంతి అటూ ఇటూ తిరిగింది. ఆయన నా వెనక మూలకి కొట్టారు. అది నాకు అందదు. తిరిగి చూస్తున్నాను. పడింది. గీతకి బయట, వేలెడు బయట.

అనుమానం ఉందని చెప్పొచ్చు. బెంచీ మీద వాళ్ళకి అక్కణ్ణుంచి కనపడదు. నాకొక్కడికే తెలుసు.

"ఔట్" అన్నాను.

ఆయన గొడవ పెట్టుకుంటారని చూశాను. పెట్టుకోలేదు. వల దగ్గరికొచ్చి నా మొహంలోకి చూశారు.

"నిజంగానా?"

"నిజంగానండీ. వేలెడు."

బావగారు తలూపి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. ప్యాడిల్ పక్కన పెట్టారు. టవలు తీసుకుని మొహం తుడుచుకున్నారు, తుడుచుకున్నాక మొహం మీంచి టవలు తియ్యలేదు. భుజాలు కదలడం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా.

ఆవిడ పోయిన రోజున ఆయన ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయించారు, వానలో పడి వచ్చారు కాఫీ తాగండని అడిగారు. దినం రోజున కూడా భోజనాల దగ్గర నిలబడి వడ్డన చూసుకున్నారు. ఎంత గుండె నిబ్బరమో అని అందరం మెచ్చుకున్నాం. ఆ మెచ్చుకున్నవాళ్ళలో నేను ముందున్నాను. ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. "మొండిదండీ, ఎంత మొండిదో" అంటున్నారు టవల్లోంచి. భాయ్ కళ్ళు తుడుచుకుంటూ అటు తిరిగాడు.

పక్క కోర్టులో ఆడుకుంటున్న కుర్రాళ్ళు ఆట ఆపేసి మా దగ్గరికొచ్చారు. "ఊరుకోండంకుల్, గేమన్నాక ఓడిపోవడం మామూలే కదా" అన్నాడు వాళ్ళలో ఒకడు, పాపం మంచి కుర్రాడు.

"అవును బాబూ" అన్నాను. "పెద్దాయనకి ఓడిపోవడం అలవాటు లేదు."

టవలు కిందనుంచి బావగారు అవునన్నట్టు తల ఊపారు.